నో లైఫ్ టిల్ లెదర్ డెమో: మూడు కాపీలు, మూడు వేగాలు. వీటిలో అసలుది ఏది?

నల్లచొక్కా_నెల్లూరు
అమెరికా మెటల్ బృందం మెటాలికా వారు 1982 జూలైలో రికార్డు చేసిన నో లైఫ్ టిల్ లెదర్ డెమో (ఆల్బమ్‌కు ముందు నమూనాగా పట్టిన టేపు) నా దగ్గర మూడు కాపీలుగా ఉంది. మూడూ వేర్వేరు వ్యక్తుల నుంచి వేర్వేరు సంవత్సరాల్లో చేరినవి. ప్రతి ఒక్కరూ తమది తొలి తరం టేపు నుంచి ఎక్కించినదేనని ప్రమాణం చేసి మరీ ఇచ్చారు. అయితే అందులోని మోటర్‌బ్రెత్ పాట పెట్టుకొని గిటార్ పట్టుకుంటే ఒక్క కాపీతోనూ శ్రుతి కలవడం లేదు. మొదటిది కాస్త పైన ఉంది, రెండవది కాస్త కింద ఉంది, మూడవదానిలో అడుగున ఉండే శబ్దమంతా ఎవరో తుడిచేసినట్లుంది. మొదటి కాపీలో గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు ఇంకా మీసాలు రాని కుర్రవాడిదిలా వినిపిస్తుంది. వీటిలో ఏది అసలు వేగానికి దగ్గరగా ఉందో తేల్చే మార్గం ఎవరికైనా తెలుసా? "చెవికి ఏది బాగుంటే అదే అసలు" అనే సమాధానం మాత్రం దయచేసి వద్దు, అది ఇప్పటికే ఇద్దరు చెప్పారు.

రీలుబాబు
క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలన్నది ప్రమాణం. ఇళ్లలో వాడే డెక్కులు దానికి ఒకటి రెండు శాతం అటూ ఇటూ నడవడం మామూలే. మోటారు వెనుక చిన్న రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే వేగం మారిపోతుంది. మీ టేపు నాలుగు చేతులు మారిందంటే నాలుగు స్క్రూలు తిరిగినట్లే.

డబుల్_కిక్
నాకు ఈ తపన అర్థం కాదు. డెమోలోని ఆ ఏడు పాటలూ మరుసటి ఏడాది వారి తొలి ఆల్బమ్ కిల్ ఎమ్ ఆల్‌లో మెరుగైన వాయిద్యంతో, క్లిఫ్ బర్టన్ బేస్‌తో వచ్చేశాయి. పెళ్లి భోజనం ఎదుట పెట్టుకొని ముందురోజు కూరలు తరిగిన గది వాసన చూడటం ఎందుకు?

పాతటేపుల_పెట్టె
డబుల్_కిక్ గారికి జవాబు తరువాత చెబుతాను, ముందు నా కథ చెప్పుకోనివ్వండి. 1990ల మధ్యలో నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతుండగా మా హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర ఈ డెమో ఉండేది. ఆయన అన్నయ్య న్యూజెర్సీ నుంచి సెలవులకు వస్తూ తెచ్చిన టేపు అది. అప్పట్లో కొత్త క్యాసెట్ కొనే స్తోమత నాకు లేదు. అందుకని ఇంటి నుంచి తెచ్చుకున్న పాత క్యాసెట్ ఒకటి ఇచ్చాను. పైన విరిచేసిన చెవులకు సెల్లోటేపు అంటిస్తే గానీ రికార్డు బటన్ లోపలికి దిగలేదు. ఆయన గదిలోని రెండు డెక్కుల టేపురికార్డరులో రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో కాపీ మొదలుపెట్టాము. మధ్యలో ఒకసారి కరెంటు పోయి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించవలసి వచ్చింది. పాటల పేర్లు ఆయన పెన్సిలుతో రాసిచ్చారు, అందులో ఫాంటమ్ లార్డ్ అన్నది "ఫాంటం లాడ్జి" అయింది. పట్టణంలో మంచి లాడ్జి ఏదైనా ఉందేమోనని ఒక జూనియర్ నిజంగానే అడిగాడు.

ఆ టేపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గత ఏడాది కంప్యూటరులోకి ఎక్కించాను. నెల్లూరు మిత్రునికి పనికివస్తుందంటే పంపుతాను.

మెకానిక్స్_ముందు
డబుల్_కిక్ గారూ, కూరలు తరిగిన గది అన్నారు గానీ ఇక్కడ కూరలే వేరు. డెమోలోని ద మెకానిక్స్ పాటను కిల్ ఎమ్ ఆల్‌లోని ద ఫోర్ హార్స్‌మెన్ పక్కన పెట్టి వినండి. అప్పటి లీడ్ గిటారిస్టు డేవ్ మస్టేన్ తన పాత బృందం పానిక్ నుంచి వెంట తెచ్చుకున్న ఆ పాట డెమోలో ఊపిరి తీసుకోనివ్వని వేగంతో, బండి భాగాల పేరుతో సాగే కొంటె మాటలతో ఉంటుంది. ఆయన్ను పంపించివేసిన తరువాత మిగిలినవారు మాటలన్నీ మార్చి, నడుమ నెమ్మదిగా సాగే భాగాన్ని చేర్చి, ఏడు నిమిషాలు దాటే పాటగా సాగదీశారు. మస్టేన్ ఊరుకోలేదు. అదే పాటను పాత మాటలతో, ఇంకా వేగంగా 1985లో తన కొత్త బృందం మెగాడెత్ తొలి ఆల్బమ్‌లో పెట్టారు. ఒకే రిఫ్, అంటే ఒకే గిటార్ వరుస, రెండు ఇళ్లకు పంపకమైంది, పంపకానికి ముందున్న ఉమ్మడి ఇల్లు ఈ డెమో ఒక్కటే. గిటార్లు ఒకదానితో ఒకటి ఎలా కొట్టుకుంటాయో వినండి. ఆ కుర్రవాళ్లకు వాయించడం కన్నా తొందర ఎక్కువ, నాకు ఆ తొందరే ఇష్టం.

డబుల్_కిక్
మెకానిక్స్ సంగతి ఒప్పుకుంటాను. సీక్ అండ్ డిస్ట్రాయ్ పాట సంగతి మాత్రం ఒప్పుకోను. డెమోలో డ్రమ్ములు అట్టపెట్టె మీద కొట్టినట్లుంటాయి. డ్రమ్మర్ లార్స్ అభిమానులు నన్ను క్షమించాలి.

అట్టపెట్టె_అభిమాని
క్షమించము.

శాన్‌హోజే_శ్రీను
నేపథ్యం తెలియనివారి కోసం కొంచెం రాస్తాను. ఈ ఏడు పాటలను 1982 జూలై 6న కాలిఫోర్నియాలోని టస్టిన్ పట్టణంలో షాటో ఈస్ట్ అనే స్టూడియోలో రికార్డు చేశారు. ఖర్చు పెట్టుకున్నది ఒక పంక్ లేబుల్ మనిషి. ఆయన ఆశించింది పంక్, చేతికి వచ్చింది ఇది, దానితో విడుదల ఆలోచన వదులుకున్నారు. బృందం ఆ టేపును కాపీలు తీసి పంచడం మొదలుపెట్టింది. లార్స్ ఉల్రిక్ అంతకుముందు నుంచే బ్రిటిష్ మెటల్ రికార్డులు సేకరిస్తూ ఊరూరా టేపులు మార్చుకునే మనిషి, 1981లో ఇంగ్లండు వెళ్లి డైమండ్ హెడ్ బృందం వెంట తిరిగివచ్చాడు కూడా. కాబట్టి ఏ చిరునామాకు పంపితే ఎక్కడెక్కడికి పాకుతుందో అతనికి బాగా తెలుసు. అలా పాకి పాకి న్యూజెర్సీలో రికార్డుల దుకాణం నడిపే జాన్ జజూలా చెవిన పడింది. ఆయన వీరిని తూర్పు తీరానికి పిలిపించి, ఏ కంపెనీ ముందుకు రాకపోతే తానే మెగాఫోర్స్ అనే లేబుల్ పెట్టి, 1983 జూలైలో కిల్ ఎమ్ ఆల్ విడుదల చేశారు.

ఇంతకన్నా ముందరి రికార్డింగులు కూడా ఉన్నాయి. 1982 మార్చిలో అప్పటి బేస్ వాద్యకారుడు రాన్ మెక్‌గవ్నీ గ్యారేజీలో పట్టిన టేపులో ఎక్కువభాగం ఇతరుల పాటలే. ఏప్రిల్‌లో పట్టిన నాలుగు పాటల టేపుకు పవర్ మెటల్ అనే పేరు నిలిచిపోయింది, మెక్‌గవ్నీ అచ్చువేయించిన విజిటింగ్ కార్డు మీద ఆ మాట ఉండటమే అందుకు కారణం.

నా దగ్గర 2015 ఏప్రిల్‌లో రికార్డ్ స్టోర్ డే అనే రికార్డు దుకాణాల వేడుక సందర్భంగా బృందమే విడుదల చేసిన క్యాసెట్ ఉంది, లోపలి కాగితం మీద లార్స్ చేతిరాతను అలాగే అచ్చువేశారు.

నల్లచొక్కా_నెల్లూరు
శ్రీను గారూ, అయితే సమస్య తీరినట్లే కదా. ఆ క్యాసెట్‌లో మోటర్‌బ్రెత్ మొదటి నుంచి చివరి వరకు ఎన్ని సెకన్లు ఉందో కొలిచి చెప్పగలరా?

శాన్‌హోజే_శ్రీను
అది సీలు విప్పలేదు. విప్పను కూడా.

రీలుబాబు
అల్మరాలో దేవుడి పటం పక్కన పెట్టి ఉంటారు.

శాన్‌హోజే_శ్రీను
పక్కన కాదు, కింది అరలో.

రివర్బ్_రాణి
సీలు విప్పినా లాభం తక్కువే. ఆయన డెక్కు ఒక శాతం వేగంగా నడిస్తే అధికారిక క్యాసెట్ కూడా ఒక శాతం వేగంగానే వినిపిస్తుంది. గిటార్ శ్రుతితో కొలవడమూ నమ్మదగ్గది కాదు. ఆ రోజు వాళ్లు దేనికి శ్రుతి చేసుకున్నారో ఎవరు చూశారు? వీరిదే రైడ్ ద లైట్నింగ్ ఆల్బమ్ ప్రామాణిక శ్రుతి కన్నా కొంచెం పైన ఉంటుందని దానితో కలిసి వాయించినవారికందరికీ తెలుసు.

నేను శబ్దం పనిలో ఉన్నాను కాబట్టి మేము చేసే పద్ధతి చెబుతాను. గిటార్ యాంప్లిఫయరు ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు జోరీగలాగా ఒక మోత వస్తుంది. అది గోడలోని కరెంటు మోత. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, అందుచేత ఆ మోత 60 దగ్గర, దాని గుణిజాలైన 120, 180 దగ్గర కనిపించాలి. మీ ఫైలును ఆడాసిటీ అనే శబ్ద సాఫ్ట్‌వేరులో తెరిచి, ఒక పాట ముగిసి గిటార్ ఇంకా పూర్తిగా ఆపని క్షణాన్ని ఎంచుకొని వర్ణపటం, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత శబ్దం ఉందో, చూడండి. పాట నడుస్తున్నచోట చూడకండి, 120 పక్కనే గిటార్ స్వరాలు ఉంటాయి కాబట్టి మోసపోతారు. వీలైతే 180 దగ్గర చూడండి, అక్కడ తేడా మూడింతలై కనిపిస్తుంది. 60 ఉండవలసినచోట 61.5 కనిపిస్తే మీ కాపీ రెండున్నర శాతం వేగంగా నడుస్తున్నట్లు లెక్క, శ్రుతిలో అది అర స్వరస్థానానికి కాస్త తక్కువ.

డబుల్_కిక్
పాట వదిలేసి మోత వినమంటున్నారు. ఈ చర్చ ఇక నా చేయి దాటిపోయింది, కానీ వెళ్లబుద్ధి కావడం లేదు.

గుంటూరు_త్రాష్
నెల్లూరు మిత్రుడు హెట్‌ఫీల్డ్ గొంతు గురించి అన్నదానికి ఒక మాట. వేగం సరిచేసినా ఆ గొంతు పెద్దమనిషిది కాదు. ఆయన పుట్టింది 1963 ఆగస్టు 3న, అంటే ఆ రికార్డింగు నాటికి పంతొమ్మిది నిండటానికి ఇంకా నెల రోజులు ఉంది. పాడటంలో ఆయనకే నమ్మకం లేక, ఆర్మర్డ్ సెయింట్ గాయకుడు జాన్ బుష్‌ను తెచ్చుకుందామని కూడా బృందం చూసింది. బెంగళూరులో 2011 అక్టోబరు 30న ప్యాలెస్ మైదానంలో నేను విన్న గొంతుకూ ఈ డెమో గొంతుకూ మధ్య ఇరవై తొమ్మిదేళ్లు ఉన్నాయి. ఆ రాత్రి ఆ బురదలో నిలబడి విన్నవారెవరైనా ఇక్కడ ఉన్నారా?

మెకానిక్స్_ముందు
ఉన్నాను. బూటు ఒకటి అక్కడే ఉంది.

అట్టపెట్టె_అభిమాని
విషయానికి దగ్గరి సందేహమే. మనలో ఒకరు మెటాలికా అని, ఒకరు మెటల్లికా అని, ఇంకొకరు మెటాల్లికా అని రాస్తున్నారు. ఏది సరైనది?

గుంటూరు_త్రాష్
1982లో మెటల్ మసాకర్ సంకలనంలో హిట్ ద లైట్స్ తొలిసారి రికార్డుకెక్కినప్పుడు మొదటి ముద్రణలోనే బృందం పేరులో "ట" ఒకటి ఎక్కువ పడింది. వాళ్ల మొదటి రికార్డు మీదే గుణింతం తప్పింది, మనకెందుకు బెంగ?

నల్లచొక్కా_నెల్లూరు
రాణి గారు చెప్పినట్లే చేశాను. మొదటి కాపీలో మోత 61.5 దగ్గర స్పష్టంగా ఉంది, మీరు ఉదాహరణకు చెప్పిన అంకెనే చూసి నేను తెర తుడిచి మళ్లీ చూశాను. రెండవ కాపీలో 59.4 దగ్గర ఉంది, అంటే ఒక శాతం నెమ్మది. మూడవదానిలో ఏమీ లేదు. దానిని శుభ్రం చేసినవారు 80కి కింద ఉన్నదంతా కోసేశారు, పైన 120, 180 దగ్గర కూడా సూదితో పొడిచినట్లు సన్నని గోతులు తవ్వారు.

రివర్బ్_రాణి
శుభ్రం చేయడం అంటే చాలామందికి సాక్ష్యం చెరిపేయడమే. ఇలాంటి టేపులను ముందు ఉన్నది ఉన్నట్లు ఎక్కించి దాచుకోవాలి, తుడుపు ఏదైనా ఉంటే రెండో ఫైలులో చేసుకోవాలి. ఇక ఆ మోత స్టూడియోలోదా, లేక మధ్యలో కాపీ తీసిన అమెరికా డెక్కు ఏదైనా అంటించిందా అన్నది తేలాలి. మొదటి రెండు కాపీలనూ మోత ప్రకారం సరిచేసి, ఒకే పాట నిడివిని రెండింటిలో కొలవండి. నిడివి కలిస్తే మోత రెండింటికీ ఉమ్మడి మూలం నుంచి వచ్చినట్లు, కలవకపోతే ఎక్కడో మధ్యలో అంటినట్లు.

నల్లచొక్కా_నెల్లూరు
సరిచేయకముందు మోటర్‌బ్రెత్ నిడివిలో రెండు కాపీల మధ్య దాదాపు ఏడు సెకన్ల తేడా ఉంది. సరిచేసిన తరువాత అర సెకను కూడా లేదు. రాత్రి పదకొండింటికి ఒక్కడినే చప్పట్లు కొట్టాను, మా ఆవిడ వచ్చి చూసి మాట్లాడకుండా వెళ్లిపోయింది.

పాతటేపుల_పెట్టె
ఉత్సాహం ఆగక నా వరంగల్ టేపుతోనూ అదే చేశాను. నాకు రెండు శిఖరాలు కనిపిస్తున్నాయి. ఒకటి 62 దగ్గర, రెండవది 48.6 దగ్గర. రెండవది మన దేశపు 50 అయి ఉండాలి, అంటే ఆనాటి హాస్టల్ డెక్కులో అంటుకున్నది. కాబట్టి ముందు 48.6ను 50కి తెచ్చి, ఆపైన 62 సంగతి చూడాలా?

సబ్‌స్టేషన్_సాంబయ్య
ఇన్ని రోజులుగా చదువుతూ మౌనంగా ఉన్నాను, సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ. కరెంటు గురించి మాత్రం కొంచెం తెలుసు, విద్యుత్ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను. మీరు ఆ 50ని కొలబద్దగా పెట్టుకుంటే నష్టపోతారు. 1990లలో దక్షిణ గ్రిడ్‌లో ఉత్పత్తి కన్నా వాడకం ఎక్కువగా ఉండి, సాయంత్రం వేళల్లో ఫ్రీక్వెన్సీ 49కి కిందికి, ఒక్కోసారి 48 దాకా పడిపోయేది. 2003 జనవరిలో మన గ్రిడ్‌కు కొత్త టారిఫ్ విధానం వచ్చి, ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ లాగినవారికి ఎక్కువ ధర పడటం మొదలైన తరువాతే అది కుదుటపడింది. మీరు రాత్రి ఎనిమిదింటికి కాపీ తీశామన్నారు, మధ్యలో కరెంటు పోయిందని కూడా అన్నారు. కాబట్టి ఆ 48.6 డెక్కు తప్పు కాకపోవచ్చు, ఆ పూట మా కరెంటే అంత.

రీలుబాబు
సాంబయ్య గారూ, మీరు సంగీతం తెలియదనడం అన్యాయం.

మెకానిక్స్_ముందు
కాలిఫోర్నియా యాంప్లిఫయరు మోత మీద కోస్తా, తెలంగాణ మోటారు పంపుల బరువంతా పడిందన్నమాట. ఇంతకన్నా బరువైన మెటల్ ఇంకెక్కడ దొరుకుతుంది?

రివర్బ్_రాణి
సాంబయ్య గారి మాటతో ఆ రెండవ శిఖరాన్ని పక్కన పెట్టేయవచ్చు. పెట్టె గారూ, 62ను 60కి తెచ్చి మోటర్‌బ్రెత్ కొలవండి, నెల్లూరు వారి నిడివితో పోల్చండి.

పాతటేపుల_పెట్టె
కొలిచాను. రెండు సెకన్ల తేడా ఉంది, కలవడం లేదు.

రివర్బ్_రాణి
అయితే మీ టేపులో 62 దగ్గర ఉన్నది స్టూడియో మోత కాదు, న్యూజెర్సీకి చేరే దారిలో ఏదో డెక్కు అంటించింది. వేగం సరిచేయాలంటే నెల్లూరు వారి నిడివికి మీది సాగదీయవలసిందే, మీ టేపులోనే దానికి ఆధారం లేదు. మీ టేపు మందంగా వినిపిస్తోందని కూడా అనుకుంటాను. డాల్బీ అనే బుస తగ్గించే ఏర్పాటు లేకుండా రికార్డయిన టేపును ఎవరో డాల్బీ నొక్కి కాపీ తీసి ఉంటారు, పై శబ్దాలు అక్కడే పోతాయి. టేపును చదివే హెడ్డు వాలు సరిగ్గా లేకపోయినా ఇదే జరుగుతుంది.

డబుల్_కిక్
అడగకూడని ప్రశ్న ఒకటి అడుగుతాను. ఇంత మంది ఇంత కష్టపడే బదులు, ఆ బృందం దగ్గర ఉన్న అసలు టేపునే సీడీగా ఎందుకు వదలరు?

శాన్‌హోజే_శ్రీను
2015లో క్యాసెట్ తరువాత సీడీ, వినైల్ కూడా వస్తాయని చెప్పారు, రాలేదు. తాను ప్రతి మాటా ప్రతి స్వరమూ రాసిన రెండు పాటల్లో లార్స్ వాటా అడగడం వల్లనే చర్చలు చెడిపోయాయని మస్టేన్ బహిరంగంగా అన్నారు. కిల్ ఎమ్ ఆల్‌లో నాలుగు పాటలకు మస్టేన్ పేరు ఉంది. అది 1983లో కుదిరిన లెక్క, డెమో విడుదలకు మళ్లీ లెక్క వేయబోతే పేచీ వచ్చింది.

గుంటూరు_త్రాష్
మస్టేన్‌కు నా సానుభూతి ఉంది గానీ, ఈ డెమోలో అందరూ మరిచిపోయే మనిషి మెక్‌గవ్నీ. గ్యారేజీ ఆయనది, సాధన చేసుకున్న ఇల్లు ఆయన తల్లిదండ్రులది, హైవే కోసం కూల్చబోయే ఇల్లు కాబట్టి ఎంత మోత చేసినా అడిగేవారు లేరు. ఆ సంవత్సరం చివరికి ఆయన తప్పుకున్నారు, క్లిఫ్ బర్టన్ వచ్చారు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి మకాం మారిస్తేనే చేరతానన్నది బర్టన్ షరతు, ఊరు మొత్తం మార్చేశారు. బర్టన్ గొప్పవాడే, కాదనను. ఈ ఏడు పాటల మీద బేస్ మాత్రం మెక్‌గవ్నీదే, నెల్లూరు మిత్రుని రెండవ కాపీలో అది బాగా వినిపిస్తుందనుకుంటాను.

నల్లచొక్కా_నెల్లూరు
వినిపిస్తుంది. ఫాంటమ్ లార్డ్ నడుమ గిటార్లు తగ్గినచోట ఆయన ఒక్కరే మిగిలినట్లుంటుంది. రెండవ కాపీని ఒక శాతం పెంచి దానినే నా అసలు కాపీగా పెట్టుకున్నాను. ఇప్పుడు గిటార్ పట్టుకుంటే ప్రామాణిక శ్రుతికి పూర్తిగా కలవలేదు గానీ చాలా దగ్గరగా వచ్చింది. మిగిలిన ఆ కాస్త తేడా ఆ రోజు టస్టిన్‌లో వారు చేసుకున్న శ్రుతే అనుకుంటాను. పెట్టె గారూ, మీ టేపు కూడా పంపండి, కలవకపోయినా పరవాలేదు. ఫాంటమ్ లార్డ్ చివర కోత లేకుండా ఉందా?

పాతటేపుల_పెట్టె
పూర్తిగా ఉంది. దాని తరువాత ఏముందో ఇరవై ఏళ్లకు పైగా మరిచిపోయి, గత ఏడాది ఎక్కించేటప్పుడు మళ్లీ విన్నాను. ఇంటి నుంచి తెచ్చిన పాత క్యాసెట్ అని మొదట చెప్పాను కదా. చివరి గిటార్ ఆగగానే టక్కున ఒక శబ్దం వచ్చి, మా ఊరి రామాలయంలో మా తాతగారు పట్టుకున్న హరికథ మధ్యలో నుంచి అందుకుంటుంది. చిడతలు, హార్మోనియం, ఆపైన దాసుగారి గొంతు. చెవులు విరిచింది ఆ కథ చెరిగిపోకూడదనే, నేను సెల్లోటేపు అంటించి దాని మీద ఫాంటం లాడ్జి ఎక్కించాను. కథలో మిగిలింది మూడు నిమిషాలే.

రివర్బ్_రాణి
ఆ మూడు నిమిషాలూ తుడవకుండా, ఉన్నది ఉన్నట్లు విడిగా పంపండి. హార్మోనియం శ్రుతి నేను చూస్తాను.

డబుల్_కిక్
నాకూ ఒక కాపీ. రెండు వైపులవీ.